బండి ప్లాస్టిక్ పగిలింది, అప్పు చేయమంటారా?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 38. ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్‌మ్యాన్‌గా పనిచేస్తున్నాను. జీతం 26,000, పెట్రోలు ఖర్చు కంపెనీ విడిగా ఇస్తుంది. మా ఆవిడకు కుట్టుపని మీద నెలకు 4,000 వరకు వస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 21,000, చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 9,000 ఉన్నాయి. నా బండి 2012లో కొన్న పల్సర్ 220, నా పేరు మీదే ఉంది. పోయిన నెల కళ్యాణదుర్గం రోడ్డులో నూర్పిడికి పరిచిన ఉలవ కట్టె మీద జారి ఎడమ పక్కకు పడింది. నాకు దెబ్బలు తగల్లేదు, ఇంజన్ బాగుంది. ఎడమ ఫెయిరింగ్ చీలింది, దాని లాకులు రెండు విరిగాయి, సైడ్ ప్యానెల్, ముందు మడ్‌గార్డ్ పగిలాయి, ఒక ఇండికేటర్ పోయింది. షోరూమ్‌లో అన్నీ కొత్తవి వేయడానికి 13,800 అన్నారు. పాతూరులో ఒక టింకరింగ్ షెడ్డు అతను అతికించి రంగు వేసి 3,500కు ఇస్తానంటున్నాడు గానీ అతికింపు నిలవదేమో, కంపెనీ ఫినిషింగ్ రాదేమోనని అనుమానం. ఇన్సూరెన్స్ అయిపోయి ఎనిమిది నెలలైంది. ఫోన్ యాప్‌లో 15,000 అప్పు తీసుకోవాలా (చేతికి 13,584 వస్తుంది, మూడు నెలలు 5,550 చొప్పున కట్టాలి, కొంచెం కష్టపడితే కట్టగలను), ఈ బండిని 18,000కు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, నగలు తాకట్టు పెట్టి 40,000 కట్టి, 1,60,000 పెట్టి కొత్త బండి తీసుకోవాలా (నెలకు 3,900 చొప్పున 36 నెలలు), లేక చీటీ పాడుకోవాలా?

జవాబు: ఈ మూడింటిలో ఏదీ వద్దు. ఒక వస్తువు చెడిపోగానే ఎంత అప్పు దొరుకుతుందో ముందు చూసి, దాన్ని బాగుచేయడానికి నిజంగా ఎంత అవుతుందో తరువాత ఆలోచించే అలవాటు జీతం మీద బతికే కుటుంబాలలో బాగా ముదిరింది కాబట్టి, మీ ఒక్కరి కోసమే కాకుండా అందరి కోసం ఈ జవాబు రాస్తున్నాను. మీ ఉత్తరంలో 3,500 అన్న అంకె ఉంది, 9,000 అన్న అంకె కూడా ఉంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే అప్పు ప్రస్తావనే వచ్చేది కాదు. అంతకన్నా నన్ను కలవరపెట్టినది, ఎనిమిది నెలలుగా ఇన్సూరెన్స్ లేని సంగతిని మీరు ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోవడం. దాని దగ్గరికి వస్తాను.

ముందు బండి సంగతి చూద్దాం. ఎక్స్ఛేంజ్‌లో 18,000 పలికే బండి పైతొడుగులకు 13,800 పెట్టడమంటే, బండి విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్లాస్టిక్ మీద పెట్టడమే. అంత పెట్టినా రేపు అమ్మేటప్పుడు ఆ 18,000 కాస్తా 30,000 కాదు. షోరూమ్‌లలో సాధారణంగా పగిలిన ప్యానెల్‌ను అతికించరు, కొత్తది బిగిస్తారు. అది వారి పద్ధతి, వారిని తప్పుపట్టవలసింది లేదు. కానీ పదేళ్లు దాటిన బండికి ఆ పద్ధతి మనకు గిట్టదు.

అతికింపు నిలవదన్న మీ అనుమానం పాత రోజులది. పని తెలిసినవాడి చేతిలో పడితే చీలిన ప్యానెల్ గట్టిగానే నిలుస్తుంది. తెలియనివాడు పైపైన ఫెవిక్విక్ పూసి, పుట్టీ పెట్టి, రంగు కొడితే మాత్రం మొదటి స్పీడ్‌బ్రేకర్‌కే నోరు తెరుస్తుంది. కాబట్టి బేరం ఆడే ముందు ప్యానెల్‌ను తిప్పి లోపలి వైపు చూడండి, చాలా వాటి మీద ఏ రకం ప్లాస్టికో అచ్చు వేసి ఉంటుంది. ఫెయిరింగ్, సైడ్ ప్యానెల్ వంటివి ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్. మడ్‌గార్డ్ కొన్ని బండ్లలో పాలీప్రొపిలీన్ అయి ఉంటుంది. అచ్చు కనబడకపోతే అంచు నుంచి చిన్న పెచ్చు గీకి నీళ్లలో వేయండి, ఏబీఎస్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ సాధారణంగా తేలుతుంది. ఈ తేడా ఎందుకంటే, ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి పాత ఏబీఎస్ ముక్కలను అందులో నానబెట్టి చేసిన ముద్దతోనే చీలికను పూడ్చవచ్చు. పాలీప్రొపిలీన్ అసిటోన్‌కు లొంగదు, మామూలు జిగురు కూడా దానికి సరిగా పట్టదు, దాన్ని అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వేడి చేసి వెల్డింగ్ చేయవలసిందే.

షెడ్డు అతను పని చేసేటప్పుడు మీరు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. చీలిక చివర సన్నని రంధ్రం వేస్తే అది మరింత ముందుకు పాకదు. చీలిక పొడవునా లోపలి వైపు నుంచి వేడి పిన్నులు దించి, ఆపైన వెల్డింగ్ గానీ, ఫైబర్ జాలీతో ఎపాక్సీ జిగురు గానీ వేస్తే బలం వస్తుంది. లాకులు విరిగిన చోట పాత ప్యానెల్ నుంచి కోసిన ముక్కను వెనక ఆసరాగా పెట్టి కొత్త లాకు కట్టించాలి, ఎందుకంటే బరువంతా మోసేది లాకులే. అన్నిటికన్నా ముందు, ఫెయిరింగ్ వెనక ఉండే ఇనుప బ్రాకెట్ వంగిందేమో చూడాలి. వంగిన బ్రాకెట్‌కు ఎంత మంచి ప్యానెల్ బిగించినా అదే చోట మళ్లీ చీలుతుంది. స్క్రూల కింద ఉండే రబ్బరు వాషర్లు ఎండకు బిగుసుకుపోయి ఉంటాయి, కొద్ది రూపాయలతో అవి కొత్తవి వేయించండి. బండి అదురు నేరుగా ప్లాస్టిక్‌కు తగలడానికి చాలాసార్లు అవే కారణం. మన అనంతపురం ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి స్క్రూలు బలంకొద్దీ బిగించనివ్వకండి.

డబ్బు లెక్కలో ముఖ్యమైన మాట ఒకటి: ఆ 3,500ను రెండు ముక్కలుగా విడదీసి చెప్పమని అడగండి, అతికించి లాకులు కట్టడానికి ఎంత, పుట్టీ, ప్రైమర్, రంగు, లక్కర్‌కు ఎంత అని. మొదటిది అవసరం, రెండవది ముచ్చట. హెడ్‌లైట్ కదలకుండా నిలవడం, ఇండికేటర్ వెలగడం, నంబర్ ప్లేటు సరిగా కనబడడం ఈ వారమే జరగాలి. రంగు మూడు నెలలు ఆగినా రైతులు మీ దగ్గర విత్తనాలు కొనడం మానరు. గుజరీలో పాత ప్యానెల్ దొరికితే తీసుకోవచ్చు, కానీ లాకులన్నీ ఉన్నాయో లేదో చూసి తీసుకోండి.

ఇక అప్పుల వైపు చూద్దాం. మీ యాప్ లెక్క ప్రకారం చేతికి వచ్చేది 13,584, తిరిగి కట్టేది 16,650. తేడా మూడు వేలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి నెల నుంచే అసలు తీరుస్తూ పోతున్నారు కాబట్టి, అసలైన వడ్డీ లెక్క కడితే నూటికి నెలకు దాదాపు పదకొండు రూపాయలు పడుతుంది. మన ఊళ్లలో నూటికి ఐదు రూపాయల వడ్డీ అడిగిన వాడిని వెనక ఎన్ని మాటలు అంటామో మీకు తెలుసు. అదే పదకొండు రూపాయల వడ్డీని ఫోన్ తెర మీద చూపిస్తే ఎవరూ నోరెత్తడం లేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి అప్పు ఇచ్చేవారు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ముందే పత్రంలో చూపాలి. ఆ ఒక్క అంకెను చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. పది నిమిషాల్లో డబ్బు పడడం అప్పుకు గొప్ప లక్షణమేమీ కాదు.

కొత్త బండి ఆలోచన ఇంకా ప్రమాదం. ఎక్స్ఛేంజ్, డౌన్ పేమెంట్ పోగా ఫైనాన్స్ అయ్యేది 1,02,000, మీరు కట్టేది 1,40,400. పన్నెండున్నర శాతం వడ్డీ అని చెప్పి ఉంటారు, తీరుతున్న అసలు మీద లెక్క వేస్తే అది ఏడాదికి 22 శాతం దగ్గర తేలుతుంది. మీకు నెలాఖరుకు మిగిలేది 4,000, వాయిదా 3,900. మిగిలిన వంద రూపాయలతో నగల మీద వడ్డీ కడతారా, పిల్లలకు జ్వరం వస్తే మందులు కొంటారా? చీటీ విషయం ఒక్క మాటలో చెబుతాను: తొందరపడి పాడుకుంటే వేలల్లో వదులుకోవాలి, నడవనివ్వండి.

ఇప్పుడు ఇన్సూరెన్స్. పాత బండికి ఎవరడుగుతారులే అనుకుని వదిలేసినట్టున్నారు. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా మోటారు వాహనాల చట్టంలో ఉన్నాయి. అయినా నేను భయపడేది పోలీసు చలానాకు కాదు. ఆ రోజు మీ బండి ఉలవ కట్టె మీద జారి రోడ్డు పక్కకు పడింది. అక్కడే కట్టె తిరగేస్తున్న ఒక మనిషి మీదికి పోయి ఉంటే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారం మొత్తం మీ నెత్తిన పడేది. అది లక్షల్లో ఉంటుంది, ఇల్లు, నగలు, చీటీ ఏవీ చాలవు. బీమా ఉన్న బండికైతే ఎదుటి మనిషి ప్రాణానికి, గాయాలకు కంపెనీ కట్టే పరిహారానికి పరిమితి లేదు. ఇంత రక్షణకు 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం 150 నుంచి 350 సీసీ బండికి ఏడాదికి 1,366 రూపాయలు, పన్ను అదనం. దానితో పాటు 15 లక్షల ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా కూడా తప్పక తీసుకోండి, బండి మీ పేరు మీదే ఉంది కాబట్టి అది మీకు వర్తిస్తుంది, డ్రైవింగ్ లైసెన్సు గడువు దాటకుండా మాత్రం చూసుకోండి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలతో వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ఇంకా లేకపోతే భార్యాభర్తలిద్దరూ చేరండి.

కొందరు మిత్రులు మీకు ఇంకో సలహా ఇస్తారు, ఇప్పుడే ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకుని ఈ ఫెయిరింగ్‌ను క్లెయిమ్ చేయమని. అది మోసం. పైగా పాలసీ తెగిపోయిన బండిని కంపెనీ ముందే పరిశీలించి పాత దెబ్బలను రాసుకుంటుంది. నిజాయితీగా తీసుకున్నా, మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు బండి వయసుతో సంబంధం లేకుండా సగం తరుగు తీసేసి మిగతా సగమే ఇస్తారు. తరుగు కోయని పాలసీలు ఇంత పాత బండ్లకు దొరకడం కష్టం. మీ బండికి థర్డ్ పార్టీ, ప్రమాద బీమా చాలు. ప్లాస్టిక్‌కు బీమా మీ సొంత నిధి.

ఆ నిధి లేకపోవడమే మీ అసలు సమస్య. ఇంటికి నెలకు 21,000 ఖర్చవుతున్నప్పుడు 9,000 నిల్వ అంటే రెండు వారాల బతుకు. మీ ఉద్యోగం బండి మీదే నడుస్తుంది. బండి మూలన పడితే తాడిపత్రి, ధర్మవరం తిరగడం ఆగిపోతుంది, జీతానికీ ఎసరు రావచ్చు. మూడు నెలల ఖర్చు, అంటే 63,000, మీరు ముట్టుకోని ఖాతాలో ఉండాలి. ఎలా చేరాలో మీ అంకెలతోనే చెబుతాను. 9,000 నుంచి బీమాలకు 2,000 పైచిలుకు, బండికి 3,500 పోతే మూడు వేల పైన మిగులుతుంది. యాప్‌కు మూడు నెలలు 5,550 చొప్పున కష్టపడి కట్టగలనని మీరే రాశారు. ఆ కష్టమేదో మీ కోసం పడండి, మూడు నెలలకు నిల్వ 20,000 దగ్గరికి వస్తుంది. ఆ తరువాత నెలకు 3,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మరో పదిహేను నెలలకు 63,000 చేరతారు. జీతం ఖాతాలోనే ఉంచితే ఆ డబ్బు నిలవదు, వేరే బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ పెట్టండి, దానికి ఫోన్‌లో చెల్లింపుల సౌకర్యం కలపకండి. చీటీ డబ్బు చేతికి వచ్చే లోపు ఈ నిధి సగమైనా నిండకపోతే ఆ చీటీ సొమ్ముతో పూడ్చండి, అప్పటిదాకా షేర్లు, బంగారం, ఫండ్లు ఏవీ అడగకండి.

వరుస తప్పవద్దు. షెడ్డుకు వెళ్లే ముందే, ఈ రోజే, థర్డ్ పార్టీ పాలసీ తీసుకుని, దాని కాపీ ఫోన్‌లో పెట్టుకుని, అప్పుడు బండి బయటికి తీయండి. ఇంకొక ఖర్చు కూడా దారిలో ఉంది: 2012 బండికి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి, ఆర్సీ రెన్యువల్‌కు ఆర్టీఓ కార్యాలయంలో బండిని చూపించాలి. రుసుము 1,000, హరిత పన్ను అదనం, గడువు దాటితే నెలకు 300 చొప్పున ఆలస్యపు రుసుము పడుతుంది. అక్కడ లైట్లు, బ్రేకులు, ఇండికేటర్లు సరిగా ఉండాలి కాబట్టి ఇప్పుడు వేయించే ఇండికేటర్ నాసిరకంది కాకుండా చూసుకోండి, ఆ రెన్యువల్ కోసం నెలకు రెండు వందలు విడిగా తీసి పెట్టడం ఈ నెల నుంచే మొదలుపెట్టండి.