ఆరడుగులు దాటినవారికి రేసింగ్ సీటు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో నడపడానికి ఒక పాత పోలో కారును సిద్ధం చేసుకుంటున్నాను. హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే తల పైకప్పుకు తగులుతోంది. బకెట్ సీటు (శరీరాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే రేసింగ్ సీటు) తెప్పించి పాత రైల్స్ (సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు) మీదే బిగించినా ఎత్తు తగ్గలేదు. రైల్స్ తీసేసి సీటును ఫ్లోరుకు వెల్డింగ్ చేద్దామని మా మెకానిక్ అంటున్నారు. చేయించవచ్చా? (ఒక పాఠకుడు, భీమవరం)

సమాధానం: రైల్స్ తీసేయాలన్న మాట సరైనదే. వెల్డింగ్ మాత్రం చేయించవద్దు. ఫ్లోరు రేకు పలుచనిది. ప్రమాదంలో మీ శరీర భారం ఎన్నో రెట్లై ఆ నాలుగు అతుకుల మీద పడినప్పుడు అతుకు నిలిచినా దాని చుట్టూ ఉన్న రేకు చిరిగిపోతుంది.

సీటు సంగతి కన్నా ముందు మీ కొలతలు తీసుకోండి. ఆరడుగుల మూడంగుళాలు అన్న ఒక్క అంకె ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే కాళ్లు పొడవైన మనిషికి స్టీరింగు కింద మోకాళ్లు ఇరుక్కుంటాయి, మొండెం పొడవైన మనిషికి తల పైకప్పుకు తగులుతుంది, ఈ రెండింటికీ పరిష్కారాలు వేరు. గట్టి బల్ల మీద గోడకు వీపు ఆనించి కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, బల్ల నుంచి హెల్మెట్ పైభాగం వరకు ఒక కొలత, భుజం వరకు మరో కొలత, తుంటి వెడల్పు ఇంకో కొలత తీయించుకోండి. తరువాత కారులో సీటు తీసేసి ఫ్లోరు నుంచి పైకప్పు వరకు, రోల్ కేజ్ (కారు బోల్తా పడినా కప్పు కుంగకుండా లోపల బిగించే గొట్టాల చట్రం) ఉంటే దాని గొట్టం వరకు కొలవండి. హెల్మెట్‌కూ గొట్టానికీ మధ్య బెత్తెడు ఖాళీ మిగలాలని నేను గట్టిగా చెబుతాను. దెబ్బ తగిలినప్పుడు రేసింగ్ బెల్టులు (భుజాలు, నడుము, కాళ్ల మధ్య నుంచి పట్టి ఉంచేవి) సాగుతాయి, శరీరం పైకి లేస్తుంది. తల తగలగల చోట గొట్టానికి మెత్తని స్పాంజి చుడితే చాలదు, రోల్ కేజ్ కోసమే తయారైన గట్టి ప్యాడింగ్ వేయాలి.

ఎత్తు తగ్గించడానికి మీకున్న ప్రధాన మార్గం సైడ్ మౌంట్ బ్రాకెట్లు. కింద నుంచి బోల్టులు పట్టే సీటుకు దాని కింద ఫ్రేము, రైల్స్ తప్పవు కనుక ఎత్తు అక్కడే పోతుంది. పక్కల నుంచి పట్టే సీటైతే రెండు బ్రాకెట్ల మధ్య దాదాపు ఫ్లోరు దాకా దిగుతుంది. అడుగు ఫ్లోరుకు రాసుకోకుండా, కాళ్ల మధ్య నుంచి వచ్చే బెల్టుకు దారి ఉండేలా కొద్దిపాటి సందు ఉంచితే చాలు. బ్రాకెట్లలో ఒకటి కన్నా ఎక్కువ రంధ్రాలుంటాయి కాబట్టి వెనుక భాగాన్ని ఒక రంధ్రం కిందికి దించి, ముందు భాగాన్ని పైకి ఉంచితే సీటు వెనక్కి వాలి తల మరికొంత దిగుతుంది, తొడలకు ఆసరా కూడా దొరుకుతుంది. అయితే ఈ వాలుకు హద్దు ఉంది. పడుకున్నట్టుగా కూర్చుంటే ఢీకొన్నప్పుడు నడుము బెల్టు కింది నుంచి శరీరం ముందుకు జారి, బెల్టు తుంటి ఎముకను వదిలి పొట్టలోకి దిగబడుతుంది. కుషన్ తీసేసి పలుచని గట్టి ఫోమ్ వేసుకోవచ్చు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య అయిన ఎఫ్‌ఐఏ నిబంధనల ప్రకారం కూడా కుషన్ మందం 50 మిల్లీమీటర్లు మించకూడదు.

బిగింపు విషయంలోనూ ఆ నిబంధనలనే పాటించండి. కనీసం నాలుగు చోట్ల, 8 మిల్లీమీటర్లకు తగ్గని బోల్టులతో, ఫ్లోరు అడుగున కౌంటర్ ప్లేట్లు (బోల్టు భారాన్ని రేకు మీద పరిచే వెడల్పు పలకలు) వేసి బిగించాలి. ఉక్కు ప్లేటైతే కనీసం 3 మిల్లీమీటర్ల మందం, ఒక్కో చోట 40 చదరపు సెంటీమీటర్ల ఆనుడు ఉండాలి. మామూలు వాషర్లు దీనికి సాటిరావు. వీలైనంతవరకు పాత సీటుకు ఆధారంగా ఉన్న క్రాస్ మెంబర్లనే (ఫ్లోరుకు అడ్డంగా ఉండే బలమైన దూలాలనే) వాడుకోండి. మన గోదావరి డెల్టాలో ఇంకొక పని తప్పనిసరి. ఉప్పుగాలికీ, ఏడాదంతా ఉండే చెమ్మకూ కార్పెట్ కింద రేకు కనబడకుండా తుప్పు పడుతుంది. 2022 జూలై వరదలాంటి నీటిలో మునిగి తేలిన కారైతే మరీ అనుమానించాలి. కార్పెట్ మొత్తం లేపి, స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూసి, పుచ్చిన రేకును కోసి కొత్తది వేయించిన తరువాతే బ్రాకెట్ల మాట ఎత్తండి.

పొడవైనవారికి అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు భుజాల బెల్టు రంధ్రాల దగ్గర జరుగుతుంది. ఆ రంధ్రాలు భుజం ఎత్తులోగానీ కాస్త పైనగానీ ఉండాలి. కింద ఉంటే ఢీకొన్న క్షణంలో బెల్టులు భుజాలను కిందికి లాగి వెన్నెముకను నొక్కేస్తాయి. మీరు తీసుకున్న భుజం కొలత ఇక్కడే పనికొస్తుంది. సీటు చిన్నదైతే వెనక్కి పంపి పెద్ద సైజు తెప్పించుకోవడం మినహా మార్గం లేదు. భుజాల నుంచి బెల్టులు వెనక్కి దాదాపు సమతలంగా వెళ్లాలి. 45 డిగ్రీలకు మించి కిందికి వాలకూడదనీ, 10 డిగ్రీల లోపు ఉంటే మేలనీ ఎఫ్‌ఐఏ చెబుతోంది. వెనుక సీటు బెల్టుల బోల్టులకు తగిలిస్తే ఈ కోణం చాలా కార్లలో కుదరదు కనుక రోల్ కేజ్ అడ్డగొట్టానికి కట్టడమే మంచిది. రోల్ కేజ్ లేని కారులో ఈ బెల్టులు వాడవద్దు. కారు బోల్తా పడి కప్పు కుంగితే అవి మిమ్మల్ని పక్కకు ఒరగనివ్వవు.

సీటు వెనక్కి వాలాక స్టీరింగు దూరమవుతుంది. వీపు సీటుకు ఆనించి చేయి చాచినప్పుడు మణికట్టు చక్రం పైఅంచుకు అందాలి, లేకపోతే చక్రాన్ని దగ్గరకు తెచ్చే స్పేసరు వేయించాలి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి.

ఈ మార్పులన్నీ ట్రాక్ కోసమే. భీమవరం నుంచి అక్కడికి కారును ట్రాలీ మీద తీసుకెళ్లండి.

ప్రశ్న: మా తమ్ముడు ఆరడుగుల రెండంగుళాలు, నేను ఐదడుగుల ఐదంగుళాలు. ఒకే ట్రాక్ కారులో ఇద్దరం నడపాలంటే సీటు ఎవరికి సరిపోయేలా బిగించాలి? (ఒక పాఠకుడు, అమలాపురం)

సమాధానం: మీ తమ్ముడికి సరిపోయేలా బిగించి, మీకోసం వీపు వెనుక వేసుకునే గట్టి ఫోమ్ అచ్చు పోయించుకోండి. సీటును ముందుకూ వెనక్కూ జరిపే స్లైడరు వేస్తే దూరం సరిపోవచ్చు గాని, సీటు ఎత్తు పెరిగి తమ్ముడి తల దగ్గర అత్యవసరమైన ఖాళీ పోతుంది. అయితే అతని భుజాలకు తగిన రంధ్రాలు మీకు మరీ పైన పడితే రెండు వరుసల రంధ్రాలున్న సీటు వెతకాలి. డ్రైవరు మారిన ప్రతిసారీ బెల్టులన్నీ మళ్లీ సరిచేసుకోవాలి.

ప్రశ్న: పెద్ద సైజు సీటు పాతది చవకగా దొరికింది, పక్కన చిన్న పగులు ఉంది. మా దగ్గర ఫైబరు పడవలు బాగుచేసేవారున్నారు. అతికించి వాడవచ్చా? (ఒక పాఠకుడు, నరసాపురం)

సమాధానం: వాడవద్దు. వారి పనితనం గొప్పదే, కాని పగిలిన సీటులో దెబ్బ ఎక్కడివరకు పాకిందో పైకి తెలియదు, అతుకు వేసిన చోట షెల్ (సీటు గుల్ల) గట్టిపడి దాని పక్కన విరుగుతుంది. సీటు వెనుక ఎఫ్‌ఐఏ చీటీ కూడా చూడండి. 8855-1999 ప్రమాణం కింద తయారైన సీటుకు పోటీలలో చెల్లుబాటు తయారైన నాటి నుంచి సాధారణంగా ఐదేళ్లే. ఇంట్లో కంప్యూటరు రేసింగ్ ఆటలకు కావాలంటే ఆ సీటు తీసుకోండి, కారులో బిగించడానికైతే ఆ ధరకు కూడా తీసుకోవద్దు.