గే అని చెప్పినందుకు టీములోకి తీసుకోకపోతే కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. సెయింట్ లూయిస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. రూములో నలుగురం తెలుగువాళ్లమే. మొన్నొక రాత్రి మైకేల్ సామ్ గురించి వాదన వచ్చింది. మిస్సోరి యూనివర్సిటీకి అంత బాగా ఆడినవాణ్ణి, గే అని చెప్పుకున్నందుకే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని టీములు పక్కన పెట్టాయని ఒకరన్నారు. ఆట చాలకే పోయాడని మిగతా ఇద్దరు. నేను నోరు విప్పలేదు. నేనూ గేనే. అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. సామ్ కేసు వేసి ఉంటే గెలిచేవాడా? నేను ముందే చెబితే నా గతీ అంతేనా? వీసా మీద ఉన్నవాడికి ఈ చట్టాలు వర్తిస్తాయా? ఎవరికీ చెప్పొద్దని అక్క బతిమాలుతోంది.

జవాబు: ముందు వీసా సంగతి తేల్చేద్దాం. ఆ భయం మీకు అక్కర్లేదు. 1964 నాటి పౌరహక్కుల చట్టంలో టైటిల్ సెవెన్ అనే భాగం ఉంది. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ ఏదైనా సరే, జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి ఉద్యోగం నిరాకరించకూడదు, ఉన్నవాళ్లను తీసేయకూడదు. ఇక్కడ ఉద్యోగానికి అప్లై చేసే విదేశీ స్టూడెంటుకు కూడా ఇది వర్తిస్తుంది.

అయితే ఆ జాబితాలో ‘గే’ అన్న మాట లేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. జార్జియాలోని క్లేటన్ కౌంటీలో జెరాల్డ్ బోస్టాక్ పిల్లల సంక్షేమ విభాగంలో పనిచేసేవాడు. గేల సాఫ్ట్‌బాల్ లీగులో చేరిన కొన్నాళ్లకే ఉద్యోగం పోయింది. ఆ కేసులో 2020 జూన్ 15న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. మగవాణ్ణి ఇష్టపడే ఆడమనిషిని ఉద్యోగంలో ఉంచుకుని, మగవాణ్ణి ఇష్టపడే మగమనిషిని తీసేస్తే, ఇద్దరి మధ్య తేడా ఒక్కటే, అతను మగవాడు కావడం. కాబట్టి అది లింగ వివక్షే అని కోర్టు తేల్చింది. ఈ రోజు మీకున్న రక్షణకు ఆధారం ఆ తీర్పే.

సామ్‌కు ఆ తీర్పు అందలేదు. అతను ఈఎస్‌పీఎన్, న్యూయార్క్ టైమ్స్ ద్వారా ప్రపంచానికి చెప్పింది 2014 ఫిబ్రవరి 9న. అప్పటికి మిస్సోరి మీద అధికారం ఉన్న ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, టైటిల్ సెవెన్ గేలకు వర్తించదని 1989లోనే చెప్పేసి ఉంది. రాష్ట్ర చట్టంలోనూ ఆ మాట లేదు, ఇప్పటికీ లేదు. అతనికి ఉన్నదల్లా 2011లో లీగుకూ ఆటగాళ్ల యూనియన్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం. గే అన్న కారణంతో ఏ ఆటగాడి పట్లా వివక్ష చూపకూడదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. మంచిదే. కానీ ఆ ఒప్పందం తీసుకెళ్లేది ఆర్బిట్రేషన్ దగ్గరికి, అంటే మధ్యవర్తి ముందుకు, జ్యూరీ ముందుకు కాదు.

ఇక మీ రూములో జరిగిన వాదన. 2013 సీజన్‌లో సామ్ 11.5 శాక్‌లు చేశాడు, అంటే బంతి విసరబోయే అవతలి ఆటగాణ్ణి విసరకముందే పడగొట్టడం. ఎస్‌ఈసీ అనే కాలేజీ లీగులో ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ ఆటగాళ్లుగా ఎంపికైన ఇద్దరిలో ఒకడు. అంతటివాడు, కాలేజీ ఆటగాళ్లను టీములు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో 256 మందిలో 249వ వాడిగా, ఏడో రౌండు చివర, అప్పట్లో మీ ఊళ్లో ఉన్న రామ్స్ టీముకు వచ్చాడు. ఒక లాయరుగా ఇది చూస్తే నాకు అనుమానం వస్తుంది. కానీ అవతలి లాయరు ఏం చూపిస్తాడో కూడా తెలుసు. టీముల ముందు జరిగే కంబైన్ పరీక్షల్లో అతను 40 గజాలు పరుగెత్తడానికి 4.91 సెకన్లు పట్టింది, ఆ స్థానానికి అది నిదానం. డిఫెన్స్ ముందు వరుస చివర ఆడే డిఫెన్సివ్ ఎండ్‌కు ఒళ్లు చిన్నది, ఆ వరుస వెనక ఆడే లైన్‌బ్యాకర్‌కు వేగం చాలదు అంటారు. ఆగస్టులో రామ్స్ వదిలేసినప్పుడు, ప్రీసీజన్‌లో మూడు శాక్‌లు చేశాడు కదా అని మనం అంటే, ఆ లైనులో అప్పటికే రాబర్ట్ క్విన్, క్రిస్ లాంగ్, ఆరన్ డోనల్డ్ ఉన్నారని వాళ్లు చూపిస్తారు. పైగా డ్రాఫ్టులో అతణ్ణి తీసుకున్న ఒకే ఒక్క టీము అదే.

ఉద్యోగ వివక్ష కేసులు ఎలా నడవాలో చెప్పిన తీర్పు మీ ఊరి కంపెనీ మీద వచ్చిందే, 1973 నాటి మెక్‌డోనెల్ డగ్లస్ కేసు. ముందు మీరు అర్హులని, అయినా కాదన్నారని చూపాలి. అప్పుడు యజమాని ఏదో ఒక మామూలు కారణం చెప్పాలి. ఆ కారణం వట్టి సాకు అని మళ్లీ మీరే నిరూపించాలి. సామ్ కేసులో మూడో మెట్టు దగ్గరే కాలు జారుతుంది. 32 టీములు, ఏడు రౌండ్లు, ఒక్కో టీముకు ఒక్కో లెక్క. ఎవరి మనసులో ఏముందో చూపే కాగితం కావాలి. ఈనాటి చట్టం ఉన్నా, అలాంటి కాగితం లేకుండా గెలిచేవాడని నేను చెప్పలేను. అలాగని అన్యాయం జరగలేదని కూడా అనలేను. రుజువు లేకపోవడం వేరు, తప్పు జరగకపోవడం వేరు.

అతను ప్రకటించిన వెంటనే కొందరు టీము అధికారులు పేరు చెప్పకుండా పత్రికలతో ఒక మాట అన్నారు: లాకర్ రూములో మిగతావాళ్లు ఇబ్బంది పడతారు, టీము దృష్టి చెదురుతుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ మాటే. పక్కవాడికి నచ్చదు అన్నది చట్టం ముందు సమాధానమే కాదు. ప్రయాణికులు ఆడవాళ్లనే కోరుకుంటున్నారంటూ మగవాళ్లను క్యాబిన్ సిబ్బందిగా తీసుకోని ఒక విమాన సంస్థకు 1971లోనే అప్పీలు కోర్టు ఈ సంగతి చెప్పింది. నిజానికి ఆ భయానికి ఆధారమూ లేదు. సామ్ తన కాలేజీ టీముకు 2013 ఆగస్టులోనే చెప్పేశాడు. తమ గురించి ఇతరులకు తెలియని సంగతి ఒకటి చెప్పుకోవాలన్నప్పుడు లేచి చెప్పాడు. ఆ కుర్రాళ్లు సీజన్ పొడుగునా ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు. 12 మ్యాచ్‌లు గెలిచారు, రెండే ఓడారు. తర్వాత ఫిబ్రవరిలో ఒక చర్చి వాళ్లు ఆ యూనివర్సిటీ ఉన్న కొలంబియాలో నిరసనకు వస్తే, విద్యార్థులు ఆ చలిలో చేయీ చేయీ పట్టుకుని అడ్డంగా గోడలా నిలబడ్డారు.

ముందే చెప్పాలా వద్దా అన్నదానికి వద్దాం. ఇంకో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు కార్ల్ నాసిబ్ సంగతి చూడండి. 2016లో మూడో రౌండులో ఎంపికై, అయిదు సీజన్లు ఆడి, చేతిలో కాంట్రాక్టు ఉండగా 2021 జూన్‌లో చెప్పాడు. ఆ సెప్టెంబరు తొలి మ్యాచ్‌లో, ఓవర్‌టైమ్‌లో బంతి జారేలా చేసి తన టీము రెయిడర్స్ గెలుపుకు దారి తీశాడు. కాంట్రాక్టుకు ముందు చెప్పడానికీ తర్వాత చెప్పడానికీ ఉన్న తేడా ఇది. కానీ ఇందులో రెండో వైపు కూడా ఉంది. యజమానికి తెలియని సంగతి మీద వివక్ష చూపాడని కోర్టులో అనలేం. దాచుకుంటే రిస్కు తగ్గుతుంది, దాంతోపాటు రుజువు కూడా పోతుంది. నా సలహా ఏమిటంటే, ఇంటర్వ్యూలో మీ అంతట మీరు చెప్పాల్సిన పని లేదు. ఆఫర్ చేతికి వచ్చాక ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం, అక్కది కూడా కాదు. అడిగితే అబద్ధం చెప్పకండి, ఆ సంగతికీ ఉద్యోగానికీ సంబంధం లేదనండి. అడగడమే వాళ్ల మీద సాక్ష్యం. 2013లో కంబైన్‌లో ఒక టీము తనను “అమ్మాయిలంటే ఇష్టమేనా” అని అడిగిందని కొలరాడో ఆటగాడు నిక్ కాసా బయటపెట్టాడు. న్యూయార్క్ అటార్నీ జనరల్ వెంటనే లీగుకు లేఖ రాశారు.

నా దగ్గరికి ఒకామె ఇంటర్వ్యూ నోటుపుస్తకంతో వచ్చింది. తేదీ, గంట, ఎదురుగా కూర్చున్న వాళ్ల పేర్లు, అడిగిన మాటలు, అన్నీ అదే రోజు సాయంత్రం రాసి పెట్టుకుంది. ఆ పేజీ చూశాకే అవతలివాళ్లు రాజీకి వచ్చారు. మీరూ అలాగే రాయండి. ముఖ్యంగా స్పాన్సర్‌షిప్ గురించి వాళ్లు ఏ రోజున ఏమన్నారో రాయండి. వీసా స్పాన్సర్ చేయలేమని కంపెనీ కాదంటే అది చట్టబద్ధమే. కానీ మొదట చేస్తామని, మీ సంగతి తెలిశాక చేయలేమంటే, సాకు అని చూపడానికి ఆ రెండు తేదీలే కావాలి.

ఫిర్యాదు ఉద్యోగ వివక్ష కేసులు చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి ఇవ్వాలి, ఫీజు లేదు, మీ ఊళ్లోనే ఆఫీసు ఉంది. గడువు 180 రోజులు, కొన్ని చోట్ల 300. మీరు మాత్రం 180 అనే లెక్కపెట్టుకోండి. తర్వాత ‘కేసు వేసుకోవచ్చు’ అన్న లేఖ వస్తుంది, అది అందిన 90 రోజుల్లోగా కోర్టుకు వెళ్లాలి.

తిరిగి హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చూసుకుంటే పరిస్థితి వేరు. పరస్పర ఇష్టంతో ఉండే గే సంబంధాలకు 377వ సెక్షన్ వర్తించదని 2018 సెప్టెంబరు 6న భారత సుప్రీంకోర్టు చెప్పాక మీరు నేరస్థులు కారు. రాజ్యాంగంలోని 15వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగంలో మీకు అండగా ఉంటుంది. ప్రైవేటు కంపెనీ మీద మాత్రం టైటిల్ సెవెన్ లాంటి చట్టం అక్కడ లేదు. కంపెనీ తనకు తానుగా రాసుకున్న పాలసీ ఉంటే, దాన్ని చూపించి అడగాలి. ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు ఆ పాలసీ కాపీ తెప్పించుకోండి.