పాత సామాను, పాత చీర: ఏం చూసి కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో ఉద్యోగంలో చేరి గది అద్దెకు తీసుకున్నాడు. కొత్తవి కొనే స్థోమత లేక మంచం, పరుపు, బీరువా, ఫ్రిజ్ సెకండ్‌హ్యాండ్‌లో కొందామనుకుంటున్నాం. రాజమహేంద్రవరంలో ఒక కొట్టువారు అన్నీ కలిపి చవకగా ఇస్తామంటున్నారు. చూడడానికి బాగానే ఉన్నాయి. ఏమేం పరీక్షించాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: వాడిన వస్తువు ఎన్నేళ్ళ నాటిదని అడగడానికి ముందు, అది ఎందుకు అమ్మకానికి వచ్చిందని అడగండి. బదిలీ మీద వెళ్తూ ఉద్యోగి అమ్ముకున్న బీరువా, వరదనీటిలో నాని కొట్టుకు చేరిన బీరువా కొత్తగా రంగు వేశాక ఒక్కలాగే మెరుస్తాయి. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ గోదావరి లంక గ్రామాల ఇళ్ళలోకి వచ్చిన సంగతి మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. అలా మునిగిన సామాను అంతా పారవేయబడదు, కొంత చేతులు మారుతుంది.

కాబట్టి బీరువాను గోడ దగ్గర నుంచి జరిపించి వెనుక రేకు చూడండి. నీట మునిగినదైతే ఒకే ఎత్తులో అడ్డంగా తుప్పు చార కనిపిస్తుంది. ఆ చారను రంగుతో కప్పేసినా, సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని అడుగున, తాళం బిగించిన చోట, స్క్రూ తలల గాడుల్లో గోరుతో గీకితే ఎండిన ఒండ్రు బూడిదరంగు పొడిగా గోటికి అంటుకుంటుంది. రంగు వేసేవారు కంటికి ఆనే చోటే బ్రష్షు తిప్పుతారు గానీ స్క్రూ గాడి కడిగే ఓపిక ఎవరికి ఉంటుంది? పైగా కాకినాడలో సముద్రపు గాలి తగులుతుంది కాబట్టి, అప్పటికే తుప్పు మొదలైన రేకు అక్కడ ఎక్కువ కాలం నిలవదు.

చెక్కమంచమైతే కాళ్ళ లోపలి వైపునా, పట్టెలు అమరే చోటా సూదిమొనంత రంధ్రాలున్నాయేమో చూడాలి. మంచాన్ని రెండుసార్లు గట్టిగా తట్టినప్పుడు సన్నటి పిండి రాలితే పురుగు ఇంకా లోపల పని చేస్తున్నట్టే లెక్క. కీళ్ళ సందుల్లో సిరాచుక్కల్లాంటి నల్లటి మచ్చలుంటే అవి నల్లుల ఆనవాళ్ళు. నల్లి నెలల తరబడి తిండి లేకుండా బతకగలదు కాబట్టి, చాలాకాలంగా ఎవరూ పడుకోలేదన్న హామీకి విలువ లేదు. పరుపు, దిండ్ల విషయంలో మా మాట ఒక్కటే: ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ఫ్రిజ్‌ను అక్కడే ప్లగ్గు పెట్టించి కనీసం గంటసేపు నడిపించండి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగినప్పుడు అది తేలికగా జారి వస్తే రబ్బరు పట్టు పోయినట్టు. స్టార్ లేబుల్ మీద నక్షత్రాలతో పాటు సంవత్సరం, ఏడాదికి ఖర్చయ్యే యూనిట్లు కూడా ముద్రించి ఉంటాయి. ఆ రెండూ చదవండి, ఎందుకంటే ఎప్పుడో ఇచ్చిన ఐదు నక్షత్రాలు నేటి ఐదు నక్షత్రాలకు సమానం కావు. నీట మునిగిన ఫ్రిజ్‌ను మాత్రం ఏ ధరకూ కొనవద్దు.

రసీదు అడగడానికి మొహమాటపడకండి. దొంగసొత్తు అని తెలిసి గానీ, అనుమానించడానికి తగిన కారణం ఉండి గానీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.

ప్రశ్న: తెలిసినవారి ద్వారా వాడిన పట్టుచీరలు అమ్మే చోటు తెలిసింది. ఉప్పాడ జాందానీ అంటూ ఒకటి చూపించారు, నచ్చింది. పరాయివాళ్ళు కట్టి విడిచిన చీర ఇంట్లోకి తేవద్దని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: మీ అత్తగారి మాటలో శుభ్రతకు సంబంధించిన జాగ్రత్త ఉంది. గజ్జి, తామర వంటివి బట్టల ద్వారా అంటుకుంటాయి. అయితే పుట్టిన బిడ్డను మెత్తటి పాతబట్టలోనే చుట్టే, అమ్మమ్మ చీరలతో బొంతలు కుట్టుకునే ఇళ్ళు మనవి. పాతబట్ట మనకు ఏనాడూ అంటరానిది కాలేదు. ఎవరు కట్టారో తెలియదన్నదే ఆవిడ బెంగ అయితే, అమ్మినవారి సంగతి కనుక్కుని చెప్పండి, చీరను డ్రైవాష్ చేయించాకే ఇంట్లోకి తెండి. నూలుబట్టలైతే బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేస్తే చాలు.

ఇక చీర నాణ్యత. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంబడే చిట్లుతుంది. చీరను పూర్తిగా విప్పించి, మడత గీతలను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సన్నటి వెలుగు గీతలు కనిపిస్తే దాన్ని కుర్చీ కవరుకో, పిల్లల పరికిణీకో వాడుకోవచ్చు గానీ కట్టుకోవడానికి పనికిరాదు. చేతితో నేసిన జాందానీ బుటా రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. వెనుక కత్తిరించిన దారపు కొసలు నూగులా తగిలితే అది జాందానీ నేత కాదు. అంచు దగ్గర ఊడిన జరీపోగు ఒకటి తీసి గోటితో గీకితే, అసలు జరీలో వెండితీగ కింద సాధారణంగా ఎర్రటి పట్టుదారం బయటపడుతుంది. తెల్లదారమో, ప్లాస్టిక్ పొరో కనిపిస్తే ధర గట్టిగా తగ్గించి అడగండి.

ప్రసంగవశాత్తు మరొక మాట: పాత జరీచీరకు స్టీలు గిన్నెలిస్తామని వీధిలోకి వచ్చేవారికి కావలసింది తరచుగా అందులోని వెండే. ఈ జరీ పరీక్ష చేయకుండా చీర వారి చేతిలో పెట్టవద్దు.

ప్రశ్న: వాడిన ప్రెషర్ కుక్కరు, ఇత్తడి గిన్నెలు కొనవచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: కుక్కరు వద్దు. అడుగు ఉబ్బినా, మూత అంచు వంగినా ప్రమాదమే, ఆ వంపు అన్నిసార్లూ కంటికి తెలియదు. అంతగా తీసుకోవలసి వస్తే ఐఎస్ఐ గుర్తు ఉన్నదే చూసుకుని, రబ్బరు, సేఫ్టీ వాల్వు రెండూ ఆ కంపెనీవే కొత్తవి వేయించండి. ఇత్తడి నిరభ్యంతరంగా కొనండి. దాన్ని తూకానికే అమ్ముతారు కాబట్టి, కాటా మీద పెట్టే ముందు లోపల మట్టి, అడుగున మసి లేకుండా తోమించండి. వంట గిన్నెలకు కళాయి పూయించకుండా చింతపండు పులుసు గానీ, మజ్జిగ గానీ పోయకూడదు. నీళ్ళ బిందెకు కళాయి అక్కరలేదు. అడుగున సీసంతో అతికిన మచ్చ ఉన్న గిన్నెను మాత్రం పూలకుండీకి తప్ప దేనికీ వాడవద్దు.