చిలుకకు అడ్వాన్సు ఇచ్చేశాను.. మిగతాది కార్డు మీద కట్టొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 44 ఏళ్లు. ఇద్దరం ప్రభుత్వ టీచర్లమే. ఇంటి రుణం, మిగతా ఖర్చులు పోను నెలకు 8,000 మిగులుతుంది. కాలేజీలో చదివే పాప ముచ్చటపడిందని విశాఖలో ఆఫ్రికన్ గ్రే చిలుకకు 5,000 అడ్వాన్సు ఇచ్చాను. మిగతా 45,000 క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవద్దు. 16 శాతం వడ్డీకి 12 నెలలైతే నెలకు సుమారు 4,080 కట్టాలి. వడ్డీ 4,000 దాకా అవుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. అయినా ఈఎంఐ ఏడాదిలో తీరిపోతుంది. నన్ను కలవరపెడుతున్నది ఆ తర్వాతి లెక్క. బాగా చూసుకుంటే ఈ పక్షి 40 నుంచి 60 ఏళ్లు బతుకుతుంది. మీరు 62కి రిటైరయ్యే నాటికి దానికి ఇరవై కూడా నిండవు.

పొద్దుతిరుగుడు గింజలతో సరిపెట్టేద్దామని చాలామంది అనుకుంటారు. వాటిలో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ తక్కువ. కొన్నేళ్లకు కాలేయం దెబ్బతింటుంది. పెల్లెట్లు (పక్షుల కోసం గుళికలుగా చేసిన మేత), ఆకుకూరలు, క్యారెట్ రోజూ ఉండాలి. పంజరంలో రెక్కలు పూర్తిగా చాపగలగాలి. చవక పంజరం జింకు పూతను కొరికితే విషం ఎక్కుతుంది. కొరకడానికి చెక్క బొమ్మలు ఎప్పటికప్పుడు కొత్తవి కావాలి. అన్నీ కలిపి నెలకు 2,500 వేసుకోండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకు అదే 5,000 అవుతుంది. జబ్బు చేస్తే తడిసి మోపెడే. పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు ఎక్కడున్నారో గరివిడి పశువైద్య కళాశాలలో ఇప్పుడే కనుక్కోండి.

డబ్బు కన్నా కష్టమైనది సమయం. మీరిద్దరూ బడికి, పాప కాలేజీకి వెళ్లిపోతే పగలంతా అది ఒంటరి. మనుషుల తోడు లేని గ్రే తన ఈకలు తానే పీక్కుంటుంది. ఛాతీ బోసిపోయాక ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. ఇంకో మాట, నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షి ప్రాణం తీస్తుంది.

అందుకని ముందు అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. ఆ 5,000 కోసం ఇంకో 45,000 పెట్టడం నష్టాన్ని పెంచుకోవడమే. నెలకు 7,500 చొప్పున ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఒక్క వాయిదా తప్పకుండా కట్టగలిగితే 45,000 చేతికొస్తుంది, ఇంకో 5,000 కలిపి అప్పు లేకుండా కొనొచ్చు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయిందంటే ఈ పక్షి మీ జీతానికి బరువే. వైద్యానికి 15,000 వేరే ఖాతాలో ఉంచండి.

కొనేరోజు అమ్మకం కాగితాలు తీసుకోండి. 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో పక్షి నమోదుకు దరఖాస్తు చేయాలి. మీ తర్వాత ఎవరు చూస్తారో పాపతో మాట్లాడి, చూసేవారి పేరున కొంత సొమ్ము వీలునామాలో రాయండి. మీ సంతకంతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు. పక్షి పేరున రాస్తే చెల్లదు.

పాప ముచ్చటే ముఖ్యమైతే, మనవాళ్లు లవ్ బర్డ్స్ అనే బడ్జీల జంట తీసుకోండి. 5 నుంచి 10 ఏళ్లు ఉంటాయి, ఒకదానికొకటి తోడు. చవగ్గా దొరుకుతుందని రామచిలుకను మాత్రం తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని కొనడం, పెంచడం రెండూ నేరమే.