దుంగల కొలతలో 118 అడుగుల తేడా.. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా పొలం గట్ల మీద పెంచిన టేకు చెట్లను ఒక కలప వ్యాపారికి అమ్మాను. తెల్ల కాగితం మీద ‘ఘనపుటడుగుకు ఇంత చొప్పున’ అని రేటు మాత్రం రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. ఎలా కొలవాలో రాసుకోలేదు. చెట్లు కొట్టి దుంగలు కోయించాక అతని మనుషులు కొలిచి మొత్తం 432 ఘనపుటడుగులు అన్నారు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి అవే దుంగలు కొలిచి 550 అడుగులు రావాలంటున్నాడు. వ్యాపారిని అడిగితే ‘కలపలో లెక్క ఇంతే, ఎవరి దగ్గరైనా కనుక్కో అన్నా’ అంటున్నాడు. సగం దుంగలు లారీలో వెళ్లిపోయాయి, మిగతావి పొలంలోనే ఉన్నాయి. డబ్బు కూడా సగమే వచ్చింది. ఇది మోసం కాదా? కేసు వేస్తే ఆ 118 అడుగుల డబ్బు వస్తుందా? మిగిలిన దుంగలు ఆపుకోవచ్చా?

– ఒక రైతు

జవాబు: మీరు రాసిన రెండు అంకెల్లోనే సగం జవాబు ఉంది. 432ను 550తో భాగించి చూడండి, 0.785 వస్తుంది. టేపు పట్టడంలోనో, పొడవు తగ్గించి రాయడంలోనో చేతివాటం జరిగి ఉంటే లెక్క సరిగ్గా ఈ అంకె దగ్గరికి రాదు. అంటే వ్యాపారి మనుషులు కొలిచిన చుట్టుకొలతలూ పొడవులూ, మీ అబ్బాయి కొలిచినవీ దాదాపు ఒకటే. తేడా అంతా ఆ తర్వాత వేసిన గుణకారంలో వచ్చింది. కాబట్టి ‘దొంగ కొలత కొలిచాడు’ అని నలుగురిలో అనకండి, నోటీసులో అసలే రాయించకండి. అది నిరూపించలేరు సరికదా, మీకున్న మంచి వాదన కూడా పలచబడిపోతుంది.

వ్యాపారి వాడింది క్వార్టర్ గర్త్ లెక్క. దుంగ నడిమి చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తారు. ఒక దుంగ తీసుకుందాం. నడుమ చుట్టు 40 అంగుళాలు, పొడవు 10 అడుగులు. నాలుగో వంతు 10 అంగుళాలు. పదిని పదితో, మళ్లీ పది అడుగులతో గుణించి 144తో భాగిస్తే 6.94 ఘనపుటడుగులు. అదే దుంగను మీ అబ్బాయి గుండ్రని స్తంభంగా లెక్కేస్తే 8.84 వస్తుంది. దుంగలో నిజంగా ఉన్న కట్టె ఇదే. క్వార్టర్ గర్త్ లెక్క ఆ గుండ్రాన్ని అంతే చుట్టుకొలత ఉన్న చతురస్రంగా మార్చేస్తుంది. చుట్టుకొలత ఒకటే అయినా చతురస్రం వైశాల్యం వృత్తం కంటే తక్కువ. అందుకే ఏ దుంగకైనా, సన్నదైనా లావుదైనా, సుమారు 21.5 శాతం తగ్గుతుంది, అంటే పైన వచ్చిన 0.785 వంతే మిగులుతుంది.

ఇది మీ వ్యాపారి కనిపెట్టింది కాదు. 18వ శతాబ్దంలో ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లండ్ సర్వేయరు అచ్చువేయించిన పట్టికలతో బాగా వ్యాపించింది, అందుకే దీన్ని హాపస్ కొలత అని కూడా అంటారు. గుండ్రని దుంగను చదరంగా కోస్తే నాలుగు పక్కలా చెక్కపేళ్లు, రంపపు పొట్టు పోతాయి కదా, ఆ వృథాను ముందే తీసేసే లెక్క అని దీన్ని సమర్థించేవారు చెబుతారు. మన దేశంలో కలప డిపోల్లోనే కాదు, అటవీ శాఖల కొలతల్లోనూ దీని వాడుక ఉంది. ఇది మీకు నచ్చే సంగతి కాదు, కానీ రేపు కోర్టులో వ్యాపారి తరఫు లాయరు మొదట చెప్పేది ఇదే.

ఇక మోసం సంగతి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు నిలవాలంటే, ఒప్పందం కుదిరిన రోజే అతనికి మిమ్మల్ని ముంచాలనే ఉద్దేశం ఉందని చూపించాలి. వ్యాపారమంతటా వాడుకలో ఉన్న లెక్కే అతను వేశాడు, అడిగితే దాచలేదు కూడా. పోలీస్ స్టేషన్‌కు వెళితే ‘సివిల్ మ్యాటర్’ అని పంపేస్తారు. ఈసారికి ఆ మాట సరైనదే.

సివిల్‌గా మీ బలం ఎంత? మీ కాగితంలో ఘనపుటడుగు అని ఉంది. ఏ లెక్క ప్రకారమో లేదు. రాతలో లేని సంగతిని వ్యాపార ఆనవాయితీతో పూరించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకుంటుంది. భారతీయ సాక్ష్య అధినియమం 2023లో ఇది 95వ సెక్షన్ మినహాయింపుల్లో ఉంది. అయితే రెండు షరతులు. ఆనవాయితీ ఉందని నిరూపించే భారం అది ఉందన్నవాడిదే, అంటే వ్యాపారిదే. రెండోది, ఆ ఆనవాయితీ కాగితంలోని మాటకు విరుద్ధంగా ఉండకూడదు. మీ లాయరు ఇక్కడే పట్టుబట్టాలి: ‘ఘనపుటడుగు అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. 1.27 అడుగుల కట్టె తీసుకుని ఒక అడుగు అని రాసుకోవడం ఆ మాటకే విరుద్ధం’ అని. వాదన బలమైనదే. కానీ మీరు ఇంతకుముందు కూడా కలప అమ్మి ఇదే లెక్కకు డబ్బు తీసుకుని ఉంటే ఇక్కడే కూలిపోతుంది. అలాంటిదేమైనా ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి, ఎదుటివాడి నోటి నుంచి వినే పరిస్థితి తేవద్దు.

ఇంకో ఆయుధం తూనికలు కొలతల చట్టంలో ఉంది. లీగల్ మెట్రాలజీ చట్టం 2009లోని 12వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో చెప్పిన పరిమాణం కంటే ఎక్కువో తక్కువో తీసుకోవడానికి వీలిచ్చే ఏ ఆనవాయితీ అయినా చెల్లదు. చదవగానే ఇది మీ కోసమే రాసినట్టుంటుంది. తొందరపడకండి. మీ ఒప్పందంలో రేటే ఉంది, మొత్తం ఇన్ని అడుగులు అని పరిమాణం లేదు. ‘ఒప్పందంలో చెప్పిన పరిమాణం ఏది?’ అని జడ్జి అడిగితే మళ్లీ మొదటికే వస్తాం. పైగా అదే చట్టం 11వ సెక్షన్ ధరలూ బిల్లులూ ప్రామాణిక యూనిట్లలోనే ఉండాలంటుంది. ప్రామాణిక యూనిట్ ఘనపు మీటరు, అడుగు కాదు. అడుగుల్లో రాసుకున్న కాగితం మీద మీ సంతకం కూడా ఉంది.

ఒక్క చోట మాత్రం ఈ చట్టం మీకు బాగా పనికొస్తుంది. వ్యాపారి ఇచ్చిన బిల్లు తీసి చూడండి. అందులో 432 అడుగులను ఘనపు మీటర్లలోకి మార్చి 12.23 అని రాసి, క్వార్టర్ గర్త్ అన్న మాట ఎక్కడా లేకపోతే, అసలు కట్టె 15.57 ఘనపు మీటర్లు ఉండగా 12.23 అని రాసినట్టే. అడుగు విషయంలో ఆనవాయితీ అని తప్పించుకోవచ్చు గానీ, ఘనపు మీటరుకు చట్టం చెప్పిన అర్థం ఒక్కటే. అలాంటి బిల్లు ఉంటే కేసు వేసినా, తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేసినా మీ మాటకు బరువుంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న నేను మిమ్మల్ని అడుగుతాను. నిజంగా మీకు నష్టం వచ్చిందా? రేటూ కొలతా జంటగా నడుస్తాయి. క్వార్టర్ గర్త్ అడుగులో 1.27 అసలు అడుగుల కట్టె ఉంటుందని తెలిసిన వ్యాపారి దానికి తగ్గట్టే ఎక్కువ రేటు చెబుతాడు. అదే నాణ్యత, అదే లావు టేకును మరో ఇద్దరు ముగ్గురు వ్యాపారులు క్వార్టర్ గర్త్ అడుగుకు ఎంతకు కొంటున్నారో కనుక్కోండి. మీకు రాసిచ్చిన రేటు దానికి దగ్గరగా ఉంటే ఈ కొలత వల్ల మీకు నష్టం లేనట్టే. ఆ రేటును 550తో గుణించి అడగడం న్యాయం కాదు, కోర్టు కూడా ఒప్పుకోదు. మీ రేటు అందులో సుమారు 78 శాతమే ఉంటే మాత్రం కథ వేరు. రేటు అసలు అడుగుకు మాట్లాడి, కొలత క్వార్టర్ గర్త్‌లో కొలిచారని అర్థం. అప్పుడు 118 అడుగుల డబ్బు మీరు దర్జాగా అడగవచ్చు. ఇది తేలకుండా కోర్టు మెట్లెక్కవద్దని నా సలహా. ఇలాంటి కేసుల్లో సూత్రం మీద గంటల తరబడి వాదించి, రేటు గురించి ఒక్క సాక్షిని కూడా పిలవని లాయర్లు ఉన్నారు.

మిగిలిన దుంగల విషయంలో మీ పరిస్థితి బాగుంది. వస్తు విక్రయ చట్టం 1930 ప్రకారం పూర్తి డబ్బు అందని అమ్మకందారు, అరువు ఒప్పందం లేనప్పుడు, తన చేతిలో ఉన్న సరుకును డబ్బు అందేదాకా ఆపుకోవచ్చు. అది 47వ సెక్షన్. కొంత సరుకు వెళ్లిపోయినా మిగిలిన దాని మీద ఆ హక్కు పోదని 48వ సెక్షన్ చెబుతుంది. ఆ హక్కును వదులుకున్నట్టు మీరు ఏమీ రాసివ్వకపోతే చాలు. కాబట్టి లారీ వస్తే లెక్క తేలేదాకా పంపనని చెప్పండి. మాటతో వదిలేయకుండా అదే రోజు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి. అతన్ని కాదని మరొకరికి అమ్మేయడం మాత్రం ఇప్పుడే వద్దు. 54వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసు ఇచ్చి, డబ్బు కట్టడానికి తగిన గడువు ఇచ్చాకే ఆ దారి. ఒక జాగ్రత్త: దుంగలు ఆపేది డబ్బు బాకీ ఉందని. అతని లెక్క ప్రకారం బాకీ అంతా తెచ్చి చేతిలో పెడితే, వివాదంలో ఉన్న సొమ్ము కోసం ఎన్నాళ్లయినా ఆపుకోగలరా అన్నది గట్టి ప్రశ్నే అవుతుంది. అప్పుడు ‘తేడాపై నా హక్కు వదులుకోకుండా ఈ డబ్బు తీసుకుంటున్నాను’ అని రాసి తీసుకుని, దుంగలు పంపేసి, మిగతాది దావాలో చూసుకోవడమే మేలు.

ఏ రసీదు మీదా ‘మొత్తం ముట్టింది, ఇక బాకీ లేదు’ అన్న మాట కింద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే నాకు చెప్పిన కథంతా మరోసారి ఆలోచించాల్సి ఉంటుంది.

ఉన్న దుంగలు ఉన్నట్టే కొలిపించడం ఈ వారమే జరగాలి. ప్రతి దుంగకూ రంగుతో నంబరు వేయండి. పొడవు, సరిగ్గా నడుమ చుట్టుకొలత, బెరడు మీద కొలిచారా తీశాక కొలిచారా, ఈ వివరాలు రాసి వ్యాపారి మనిషితో సంతకం చేయించండి. రాకపోతే ఊరిపెద్దల ముందు కొలిచి, టేపు మీద అంకెలు కనిపించేలా ఫొటోలు తీయండి. బెరడు సంగతి చిన్నదనుకోకండి. అర అంగుళం మందం బెరడు తీస్తే చుట్టుకొలతలో మూడు అంగుళాలకు పైగా పోతుంది. పైన చెప్పిన 40 అంగుళాల దుంగ 6.94 నుంచి 5.9 అడుగులకు పడిపోతుంది. నడుమ కాకుండా కొన దగ్గర టేపు చుట్టినా ఇదే నష్టం. ఇప్పటిదాకా మీ దగ్గర అలా జరిగినట్టు లేదు, మిగతా సగంలో జరగకుండా చూసుకోండి. దావా వేశాక అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వచ్చి చూసి నివేదిక ఇచ్చే లాయరును) వేయించి కొలిపించవచ్చు, కానీ అప్పటికి దుంగలు అక్కడ ఉండాలి కదా.

వెళ్లిపోయిన దుంగలకు మీ అబ్బాయి ఆ రోజు రాసుకున్న లెక్కల పుస్తకమే మొదటి సాక్ష్యం. ఫెయిర్ కాపీ చేయించవద్దు, కొట్టివేతలతో సహా అసలు కాగితాలే దాచండి. చెట్లు కొట్టడానికి, కలప రవాణాకు తీసుకున్న అనుమతి పత్రాల నకళ్లు కూడా తెచ్చుకోండి, వాటిలో సాధారణంగా దుంగల వివరాలు ఉంటాయి. అనుమతులు తీసుకోకుండానే చెట్లు కొట్టించి ఉంటే, ఏ ఫిర్యాదుకైనా ముందు ఆ సంగతి లాయరుతో విడిగా మాట్లాడండి. డబ్బు కోసం వెళ్లి మీరే ఇరుక్కోకూడదు.

వినియోగదారుల కమిషన్ మీకు కుదరదు, మీరు అమ్మినవారు. ఇంటి తలుపుల కోసం కలప కొన్నవారికి ఆ దారి ఉంటుంది. మీది సివిల్ కోర్టు, గడువు మూడేళ్లు. అంతకుముందు మండల న్యాయ సేవా కమిటీలో దరఖాస్తు పెట్టుకుంటే లోక్ అదాలత్‌కు పిలుస్తారు. అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. మీ కేసు అక్కడే తేలిపోయే రకమని నాకు అనిపిస్తోంది. వెళ్లిపోయిన సగానికి పాత లెక్కే ఒప్పుకుని, మిగిలిన సగానికి అసలు కొలత మీద రేటు మాట్లాడుకుందామని అడగండి. దుంగలు మీ పొలంలో ఉన్నంతవరకు వ్యాపారి కూడా వింటాడు.

మిగతా చెట్లు అమ్మేటప్పుడు కాగితంలో ఈ వాక్యం రాయించండి: ‘ప్రతి దుంగ నడిమి చుట్టుకొలత బెరడు మీద కొలిచి, ఫలానా సూత్రం ప్రకారం లెక్కించిన ఘనపు మీటరుకు ఇంత రేటు. కొలత ఇద్దరి ఎదుట జరగాలి. కొలత పట్టీ మీద ఇద్దరి సంతకాలు అయ్యాకే సరుకు కదలాలి.’ ఫలానా అన్న చోట సూత్రం పేరు పెట్టి, కింద ఒక దుంగకు లెక్క వేసి చూపించి, దాని పక్కన కూడా సంతకాలు తీసుకోండి.