దూడ ముందుకాళ్ళు మడతపడి పుడితే ఇక పనికిరానట్టేనా?

రాత్రి మీ ఒంగోలు ఆవు ఈనిందని, కోడెదూడ ముందుకాళ్ళు గిట్టల పైకీలు దగ్గర వెనక్కి మడతపడ్డాయని, ఇక అది దక్కదని ఊళ్ళో అంటున్నారని రాశారు. ఆ మాట అప్పుడే నమ్మకండి. పొదిలి దగ్గర మా కొట్టంలో ఇలాగే పుట్టిన దూడ ఇప్పుడు కాడి మోస్తోంది.

కాలికంటే ముందు పాల సంగతి చూడండి. నిలబడలేని దూడ తనంతట తాను పొదుగు అందుకోలేదు. ముర్రుపాలు పుట్టిన రెండు గంటల్లోపే పట్టడం మొదలుపెట్టాలి. 24 గంటల్లో దాని బరువులో పదోవంతు లోపలికి వెళ్ళాలి, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. ఇంకా పట్టకపోతే ఇది చదవడం ఆపి వెళ్ళి పట్టండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ కూడా రాయండి.

తర్వాత దూడను పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో మోకాలి కింద పట్టుకుని, రెండో చేత్తో గిట్టను మెల్లగా ముందుకు తిప్పి చూడండి. కాస్త బిగువున్నా కాలు తిన్నగా వస్తే బాగయ్యే అవకాశం ఎక్కువ. కాలి వెనక నరాలు, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తాళ్ళలాంటివి, పొట్టిబడ్డాయి, అంతే. కడుపులో చోటు చాలకపోయినా ఇలా అవుతుందట. కీలు కర్రలా బిగుసుకుని అసలు కదలకపోతే మాత్రం కట్లతో కుదరడం కష్టం.

మడత తక్కువగా ఉంటే దూడను నడవనివ్వండి. బరువు పడేకొద్దీ నరం సాగుతుంది. సిమెంటు గచ్చు మీద వద్దు, మట్టినేలే మేలు. మా దూడకు కీలు ముందువైపు నేలకు రాసుకుని వెంట్రుకలు ఊడి, పచ్చిపుండు తేలింది. అప్పుడు డాక్టరుగారు పీవీసీ పైపును నిలువుగా చీల్చి, అంచులు అరగదీయించి, కాలికి మందంగా దూది చుట్టి, మోకాలి కింద నుంచి గిట్ట దాకా వెనకవైపున పెట్టి కట్టారు. అసలు చాకిరీ ఆ తర్వాతే. మూత్రానికి దూది తడిసిపోతుంది, లోపల చర్మం ఒరుసుకుపోతుంది. మా అమ్మ రోజూ కట్టు విప్పి, వాసన, వాపు చూసి, కాలు మెల్లగా సాగదీసి, పొడి దూదితో మళ్ళీ కట్టేది. ఆమె ఓపికే ఆ దూడను నిలబెట్టింది. పురికొసతో బిగించి కట్టకండి, రక్తం ఆడదు.

నరాలు సడలడానికి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. గుర్రప్పిల్లలకూ పుట్టిన తొలిరోజుల్లో ఇదే వాడతారు. పెద్ద మోతాదు కాబట్టి కిడ్నీలకు ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో కొనుక్కొచ్చి మీరే వేయకండి.

కీళ్ళు వాచి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, పాలు మానేసినా అది మడత సమస్య కాదు. బొడ్డు నుంచి చీము కీళ్ళకు పాకి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరును పిలవండి, లేదా పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చేయండి.