జపాన్ కంపెనీ గ్రీన్ ఆడిట్‌కి ఐఎస్ఓ 14001, ఒక రోహ్స్ రిపోర్ట్ ఉంటే చాలా?

మీది వైర్ హార్నెస్ (కనెక్టర్లు బిగించిన వైర్ల కట్ట) చేసే చిన్న యూనిట్, జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీకి సప్లై మొదలుపెట్టే ముందు గ్రీన్ ఆడిట్ పెట్టారు, చేతిలో పర్యావరణ నిర్వహణకి ఇచ్చే ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్, ఎలక్ట్రానిక్స్‌లో ప్రమాదకర పదార్థాలకి పరిమితి పెట్టే రోహ్స్ (RoHS) నిబంధనల టెస్ట్ రిపోర్ట్, ఈ రెండు కాగితాలే ఉన్నాయి అన్నారు. చాలవండీ. సప్లయర్ల తరఫున ఈ ఆడిట్ల పనే చూస్తుంటాను కాబట్టి చెప్తున్నాను: ఇవాళ టెస్ట్‌లో పాసైన పీవీసీయే వచ్చే నెల కూడా మీ మెషీన్‌లోకి వెళ్తుందని ఎలా నిరూపిస్తారు? వాళ్లు వచ్చేది దీనికోసమే.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. 2001 చివర్లో సోనీ పీఎస్ వన్ గేమ్ కన్సోళ్లు సుమారు 13 లక్షలు నెదర్లాండ్స్‌లో ఆగిపోయాయి. కేబుళ్లలో కాడ్మియం దొరికింది. అంటే మీలాంటి వాళ్లు చేసే సరుకులో! సప్లయర్లని తనిఖీ చేసి ఆమోదించే సోనీ గ్రీన్ పార్ట్‌నర్ పద్ధతి ఆ దెబ్బ నుంచి పుట్టిందే. దాని సొంత ప్రమాణం పేరు ఎస్ఎస్-00259. మిగతా జపాన్ కంపెనీలకీ ఇలాంటివి ఉన్నాయి, కొన్ని పరిమితులు చట్టం కన్నా గట్టిగా ఉంటాయి. మీ కస్టమర్ దగ్గర తాజా వెర్షన్ అడిగి తీసుకోండి.

ముందు మీ రిపోర్ట్ తీసి ఎన్ని పదార్థాలు పరీక్షించారో లెక్కపెట్టండి. మన ఈ-వేస్ట్ నిబంధనలు 2022 ప్రకారం చేయించినదైతే ఆరే ఉంటాయి: సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపూరిత రూపం), పీబీబీ, పీబీడీఈ (ఈ రెండూ మంట అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే బ్రోమిన్ రసాయనాలు). యూరప్ రోహ్స్‌లో 2019 జూలై 22 నుంచి డీఈహెచ్‌పీ, బీబీపీ, డీబీపీ, డీఐబీపీ అనే నాలుగు థాలేట్లు కలిపి పది. కాడ్మియంకి పరిమితి 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100), మిగతా తొమ్మిదింటికీ 1000. పీవీసీ మెత్తబడడానికి కలిపేవాటిలో ఆ థాలేట్లు ఉంటాయి గనక వైర్ పనిలో అసలు గండం అక్కడే.

ఆ పీపీఎం లెక్క మొత్తం హార్నెస్ బరువు మీద వేయరు. రాగి తీగ, ఇన్సులేషన్, టెర్మినల్ లోహం, దాని మీది తగరం పూత, కనెక్టర్ ప్లాస్టిక్, టేపు, లేబుల్, దాని మీద ఇంకు: కోసో గీకో విడదీయగలిగిన ప్రతిదానికీ విడిగా లెక్క. హార్నెస్‌ని ముక్కలు చేసి అన్నీ కలిపి పరీక్షించిన రిపోర్ట్‌ని చూడగానే పక్కన పెట్టేస్తారు. ఇత్తడి టెర్మినల్ అయితే రాగి మిశ్రమాల్లో సీసం 4 శాతం దాకా మినహాయింపు ఉంది, యూరప్ రోహ్స్ మినహాయింపుల జాబితాలో నంబర్ 6(సి). ఆ నంబర్ వేయకుండా ఉత్తినే 'పాస్' అని రాస్తే తిరిగొస్తుంది. మినహాయింపుల గడువులు మారుతుంటాయి, డిక్లరేషన్ ఇచ్చే రోజు జాబితా చూసుకోండి.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ (ఎక్స్‌రేతో మూలకాలని గుర్తించేది) ఉంటే వచ్చిన సరుకు ఇన్‌కమింగ్ చెక్‌కి మంచిదే, కానీ అది మూలకాన్నే చూస్తుంది. క్రోమియం ఉందంటుంది గానీ హెక్సావాలెంటో కాదో చెప్పలేదు. బ్రోమిన్ చూపిస్తుంది, అది పీబీడీఈయో వాడదగ్గ వేరే ఫైర్ రిటార్డెంటో తెలియదు. థాలేట్లు దానికి బొత్తిగా కనబడవు. వాటికి ల్యాబ్‌లో ఐఈసీ 62321-8 ప్రకారం జీసీ-ఎంఎస్ (రసాయనాలని విడదీసి గుర్తించే పరీక్ష) చేయించాల్సిందే.

వైర్ శుభ్రంగా ఉన్నా ఫెయిలయ్యే దారి ఒకటుంది. థాలేట్ పీవీసీకి రసాయనికంగా అతుక్కుని ఉండదు, తాకిన మెత్తటి ప్లాస్టిక్‌లోకి పాకుతుంది. టేబుల్ మీద పరిచిన పాత పీవీసీ మ్యాట్, కన్వేయర్ బెల్ట్, చవక గ్లవ్స్, ట్రే లైనర్... వీటి మీద వైర్ చుట్ట వారాల తరబడి పడి ఉంటే తాకిన చోట డీఈహెచ్‌పీ పరిమితి దాటొచ్చు. మ్యాట్లకీ గ్లవ్స్‌కీ కూడా రిపోర్ట్ తెప్పించండి, లేదా పీవీసీ కానివి వేయండి. రెండోది రీగ్రైండ్ (పొడి చేసి మళ్లీ వాడే పాత ప్లాస్టిక్): మీ కనెక్టర్ మౌల్డర్ ఏ పాత ప్లాస్టిక్ కలుపుతున్నాడో మీకు తెలియాలి. పసుపు, ఎరుపు, నారింజ మాస్టర్‌బ్యాచ్‌లకి (ప్లాస్టిక్‌కి రంగు కోసం కలిపే గుళికలు) సీసం, కాడ్మియం తప్పక చూపించుకోండి. రిపేర్ బెంచ్ మీద సీసం ఉన్న సోల్డర్ రీలు ఒక్కటి కనిపించినా ఆడిటర్ అక్కడే ఆగిపోతాడు.

ఇక అసలు పరీక్ష. డిస్పాచ్ గదిలో ఒక డబ్బా మీది లాట్ నంబర్ చూపించి, ఇందులోని ఇన్సులేషన్ ఏ కాంపౌండ్ లాట్‌దో చెప్పండి అంటాడు. జాబ్ కార్డు, వైర్ రీల్ ట్యాగ్, వైర్ మేకర్ ఇన్వాయిస్ వరుసగా దొరకాలి. పక్క షాపులో అర్జెంటుగా కొన్న రెండు వైర్ చుట్టల దగ్గరే చాలామందికి ఈ గొలుసు తెగుతుంది. సప్లయర్, మెటీరియల్, అచ్చు, చోటు, ఏది మారినా ముందుగా రాసిచ్చి, అనుమతి వచ్చాకే వాడాలి. దీన్నే 4ఎం (మనిషి, మెషీన్, మెటీరియల్, మెథడ్) మార్పు అంటారు.

పదార్థాల డేటా సాధారణంగా కెమ్‌షెర్పా (సరుకులోని రసాయనాల వివరాలు ఇచ్చే జపాన్ ఫార్మాట్) ఫైల్‌లో అడుగుతారు, విడిభాగాలకి అందులోని ఏఐ (ఆర్టికల్ ఇన్ఫర్మేషన్) రకం. యూరప్ రసాయన చట్టం రీచ్‌లోని ఎస్‌వీహెచ్‌సీ జాబితా (తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాలు) మామూలుగా ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది కాబట్టి పాత ఫైల్ పనికిరాదు. తగరం, బంగారం పూతలున్నాయి గనక సీఎంఆర్‌టీ (ఆ లోహాలు ఏ స్మెల్టర్‌లో కరిగించారో చెప్పే ఫారం) కూడా నింపాలి, స్మెల్టర్ పేర్లు ప్లేటింగ్ వాళ్లనుంచి రాబట్టడమే అందులో తలనొప్పి.

కార్మికుల పని పరిస్థితులు చూసే సోషల్ భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎలక్ట్రానిక్స్ కంపెనీల కూటమి ఆర్‌బీఏ నియమావళి ప్రకారం ఓటీతో కలిపి వారానికి 60 గంటలు మించకూడదు, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు ఉండాలి. హాజరు పట్టీని గేటు రిజిస్టర్‌తో పోల్చి చూస్తారు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కుర్రాళ్లని విడిగా కూర్చోబెట్టి, ఉద్యోగం కోసం ఎవరికైనా డబ్బు కట్టారా అని అడుగుతారు. కట్టామంటే, ఆ సొమ్ము వాళ్లకి తిరిగి ముట్టిన రుజువు చూపించేదాకా ఆ పాయింట్ మూయరు.